గొంతు తయారవుతోంది

కిందటి వారం మనం చిన్నకోడలిని వంటగట్టు ముందు, ఆవిడ బావగారిని వంటింటి గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఆయన అడిగిన మాట ఆవిడ చెవిలో పడింది, జవాబు మాత్రం నోట్లోనే ఉండిపోయింది. "రేపు నాలుగింటికి నీ కంపైలేదో పెట్టుకో అమ్మా" అన్నాడాయన, బట్టలు నానబెట్టుకోమన్నంత తేలిగ్గా. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. ఆయన దాన్ని అవును కిందే లెక్కేసుకుని వెళ్లిపోయాడు. ఓపిక లేనివాళ్ల మౌనాన్ని జనం ఎప్పుడూ అలాగే లెక్కేసుకుంటారు.

ఇందులో అంత బాధపడాల్సిందేముందని కొత్తగా చదివేవాళ్లు అడగొచ్చు. చెబుతాను. చిన్నకోడలి మామగారు బస్టాండులో అనౌన్సరుగా జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దో, ఊరంతా ఆయన నోటి నుంచే వినేది. రిటైరయ్యాక గొంతులో పుండు లేచింది. డాక్టర్లు మనిషిని దక్కించారుగానీ గొంతుని దక్కించలేకపోయారు. ఆపరేషన్ తప్పదని తెలిసిన వారమే చిన్నకోడలు బస్టాండు వాళ్లని బతిమాలి పాత రికార్డింగులు తెచ్చుకుంది. నీళ్లు, మందు, నొప్పి, ఫ్యాను, వద్దు, చాలు, అమ్మాయ్ లాంటి ఇంటి మాటలు ఆయనచేత చెప్పించి రికార్డు చేసింది. వాటన్నిటినీ ముక్కలు చేసి, ముక్కకో బటన్ పెట్టి, టాబ్లెట్‌లో ఒక ప్రోగ్రాం రాసింది. ఆయన బటన్లు నొక్కితే టాబ్లెట్ ఆయన గొంతుతోనే పలుకుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ప్రోగ్రాం మాట్లాడేదీ అదే టాబ్లెట్, ఆవిడ దాన్ని రాసేదీ అదే టాబ్లెట్. ఇంట్లో ఇంకో మెషీన్ లేదు. మామగారిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన రోజునే ఆఫీసు వాళ్లు లాప్‌టాప్ వెనక్కి పుచ్చుకున్నారు. అప్పటినుంచీ ఆసుపత్రి బెంచీ మీదా, వంటగట్టు మీదా, మూల పగిలిన ఈ టాబ్లెట్ తెర మీద వేళ్లతో పొడుచుకుంటూ రాయడమే. ప్రోగ్రాంలో గోరంత మార్పు చేసినా, రాసినదంతా మెషీన్‌కి అర్థమయ్యేలా మళ్లీ మొదటినుంచీ కూర్చాలి. దాన్నే కంపైల్ చేయడమంటారు. పెద్ద కంప్యూటర్‌కి అది చిటికెలో పని. ఈ ముసలి టాబ్లెట్‌కి అరగంట పైన పడుతుంది, ఆ అరగంటా దానికి ఊపిరి సలపదు. మధ్యలో మాట్లాడే ప్రోగ్రాం తెరిస్తే కంపైల్ అక్కడికక్కడే చచ్చిపోతుంది. అంచేత కంపైల్ నడుస్తున్నంతసేపూ మామగారు మూగ. ఒకసారి టాబ్లెట్ వేడెక్కి తెర నల్లబడిపోయింది. మర్నాడే మాటల ముక్కలన్నిటికీ ఒక కాపీ తీసి భర్త ఫోన్లో దాచిపెట్టాక గానీ నిద్రపట్టలేదు.

ఇవన్నీ బావగారికి తెలుసు. తెలిసే నాలుగింటికి పెట్టుకోమన్నాడు. ఆయన పనిచేసే సౌండు కంపెనీ నుంచి ఒకావిడ ఒప్పంద పత్రం పట్టుకుని నాలుగింటికే వస్తోంది. మామగారు సరేనంటే ఆయన గొంతు ఇక ఆ కంపెనీది. లిఫ్టుల్లో, ఆసుపత్రి క్యూల్లో, ఫోన్లలో వాళ్లు ఏం పలకమంటే ఆ గొంతు అది పలుకుతుంది. ఇంట్లో ఉన్న ప్రోగ్రాం మాత్రం చెరిపెయ్యాలి. ఒకే గొంతు రెండుచోట్ల ఉండటానికి వీల్లేదట. బదులుగా మామగారికి వాళ్ల మెషీన్ ఒకటి ఇస్తారు. అది ఎన్నాళ్లు ఉండాలో, ఎప్పుడు వెనక్కి పోవాలో వాళ్ల ఇష్టం. పోయినవారమే చిన్నకోడలు ఆ పత్రం ఆసాంతం చదివింది. మామగారు కూడా చదివి, మడిచి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టేశాడు.

ఇక ఈవేళ్టి సంగతి.

పొద్దున లేచేసరికే ఆవిడకి ఒళ్లంతా బరువుగా ఉంది. మామగారి మెడ దగ్గరి ఊపిరి గొట్టం శుభ్రం చేయడం, మిక్సీలో మెత్తగా తిప్పి తినిపించడం, బట్టలు, గిన్నెలు, మళ్లీ గొట్టం. ఇంత పనిచేసినా చేసినట్టు కనిపించని పనులు లోకంలో ఇన్ని ఉన్నాయని ఆవిడకి ఈ ఇంట్లోనే తెలిసింది. గిడ్డంగిలో పగటి షిఫ్టుకి బయల్దేరుతున్న భర్తతో సంగతి కదిపి చూసింది. మీ అన్నయ్య అడిగింది న్యాయంగా లేదు, మీరొక మాట చెప్పండి అంది. అతను వంగి బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. అన్నయ్య ఏది చేసినా నాన్న మంచికే చేస్తాడు, ఒక్క అరగంటేగా అన్నాడు. తాళ్లు కట్టుకోవడం అయ్యాక కూడా ముఖం పైకెత్తలేదు. డ్యూటీకి ఆలస్యమవుతోందేమో అనుకుందావిడ.

కంపైల్ చేయాల్సిన పని నిజంగానే ఉంది, అదొక వంక. బస్టాండులో రికార్డయిన మాటలు మైకులోంచి వచ్చినవి కాబట్టి ఖంగుమంటాయి. ఇంట్లో చెప్పించిన మాటలు నీరసంగా ఉంటాయి. మామగారు చక్కెర అడిగితే, చక్కెర అన్న మాట గుసగుసలా వచ్చి, రెండు అన్న మాట వీధి చివరికి వినబడేది. పక్కింటివాళ్లకి ఆయన టీలోకి ఎన్ని చెంచాల చక్కెర వేసుకుంటాడో రోజూ తెలిసిపోయేది. బస్టాండు మాటల్ని ఇంటి స్థాయికి తగ్గించే మార్పు ఆవిడ నిన్ననే రాసిపెట్టింది. ఎలాగూ చేయాల్సిన పనే కదా, నాలుగింటికి చేస్తే ఏం, మూడింటికి చేస్తే ఏం అని తనకి తనే నచ్చచెప్పుకుంది. నచ్చచెప్పుకున్నకొద్దీ లోపల ఏదో చేదుగా తగులుతూనే ఉంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక నడుం వాల్చింది. అప్పుడు టాబ్లెట్ మామగారి దగ్గరే ఉంటుంది, అది ఆయన గొంతు కాబట్టి. ఆ మాటకొస్తే ఆయన దాన్ని మాట్లాడటానికే వాడుతున్నాడని ఆవిడ అనుకునేది.

మామగారికి ఆవిడ ప్రోగ్రాం రాస్తుంటే చూడటం సరదా. మొదట్లో తన గొంతుని ఈ పిల్ల ఏం చేస్తోందోనన్న అనుమానంతో పక్కన చేరేవాడు. తర్వాత అలవాటైంది. కుర్చీ లాక్కుని కూర్చుంటే ఆవిడా ఊరికే ఉండలేక చెప్పుకుంటూ పోయేది. ఆఫీసులో ఎంతమందికో పని నేర్పింది గానీ ఇంత శ్రద్ధగా విన్న శిష్యుడు ఆవిడకి దొరకలేదు. మధ్యలో అడ్డుతగిలే వీలు లేదు కదా పాపం. ప్రతి బటన్‌కీ చెప్పే ఆజ్ఞలకి ముందొక వంకీ బ్రాకెట్, చివరొక వంకీ బ్రాకెట్ ఉండాలి. వాటికి ఆ ఇంట్లో మీసాలని పేరు. టాబ్లెట్ కీబోర్డులో అవి ఎక్కడో మూడో పేజీలో దాక్కుని ఉంటాయి, వెతుక్కోలేక ఆవిడకే విసుగొస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ విప్పి చూపించి ఇది తెరిచే మీసం మామయ్యా, నోరు తెరవడం అనేది. రెండు వేళ్లూ ముడిచి ఇది మూసే మీసం, నోరు మూయడం అనేది. తెరిచినదాన్ని మూయడం మర్చిపోతే కంపైల్ అంతా నడిచి, తీరా ఆ చోటికి వచ్చాక మొరాయిస్తుందని చెప్పేది. ఆయన కూడా వేళ్లు విప్పి ముడిచి చూపించేవాడు. చిన్నపిల్లల ఆటలా ఉండేది.

నాలుగవుతుండగా బావగారు వచ్చాడు. వెంట కంపెనీ ఆవిడ. నడివయసు మనిషి, భుజాన బరువైన సంచీ, పొద్దుటినుంచీ తిరిగి తిరిగి వాడిపోయిన ముఖం. ఈ ఇంటి తర్వాత ఇంకో ఇంటికి వెళ్లాలట. కూర్చోగానే మంచినీళ్లు అడిగింది. చిన్నకోడలు నీళ్లిచ్చి వెనక్కి తిరిగేసరికి బావగారు టాబ్లెట్ తండ్రి ముందునుంచి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "చూసుకో అమ్మా నీ పని" అన్నాడు. గొంతులో కరుకుదనమేమీ లేదు. మామగారు అడ్డుచెప్పలేదు. టాబ్లెట్ తీసేటప్పుడు ఆయన చెయ్యి మాత్రం దాన్ని అంత త్వరగా వదల్లేదు.

వంటింట్లోకి వచ్చి ఆవిడ టాబ్లెట్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, కిటికీ గాలి తగిలేలా నిలబెట్టి, కంపైల్ బటన్ నొక్కింది. తెల్లటి వరసలు పైకి పాకడం మొదలుపెట్టాయి. ఆ ఇంట్లో కంపైలంటే పొయ్యి మీద పాలు పెట్టినట్టే, పక్కన మనిషి ఉండాలి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే టాబ్లెట్ తెర ఆర్పేసుకుని పడుకుంటుంది, కంపైలూ దాంతోపాటే పడుకుంటుంది. అందుకని అటువెళ్లేవాళ్లూ ఇటువెళ్లేవాళ్లూ తెరని ఒకసారి వేలితో తాకి వెళ్లడం ఇంట్లో అందరికీ అలవాటు. బావగారు కూడా ఎన్నోసార్లు అలా తాకినవాడే.

ఈసారి ఆవిడకి తాకబుద్ధి కాలేదు. తాకకపోతే ఆగిపోతుంది, ఆగిపోతే మామగారికి మాటొస్తుంది. అయినా వేలు దానంతట అదే వెళ్లి తాకింది. అలిసిపోయినవాళ్ల చేతులు అలవాటైన పనే చేస్తాయి. ఆ వేలిని చూసి ఆవిడకి తనమీద తనకే అసహ్యం వేసింది.

ముందుగదిలో మాటలు వినబడుతున్నాయి. కంపెనీ ఆవిడ పత్రంలోని ముఖ్యమైన సంగతులు చదివి వినిపించింది. సరేనన్న మాట ఆయన నోటి నుంచే వింటే బాగుంటుందని అంది. బావగారు నవ్వి, మా మరదలు దానికేదో మరమ్మతు చేస్తోంది, ఇవాళ్టికి తలూపితే చాలదా అన్నాడు. వీడియోలో కనబడేలా తలూపితే చాలందావిడ. ఫోను తీసి మామగారి ముందు పట్టుకుంది.

చిన్నకోడలు గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆపరేషనయ్యాక మామగారి మెడ అటూఇటూ తిరగదు. కాదని తల అడ్డంగా ఆడించడం ఆయనవల్ల కాదు. కిందికి మాత్రం దానంతట అదే వాలుతుంది, కాసేపు కూర్చుంటే గడ్డం గుండెలకి ఆనుతుంది. ఆ వాలడాన్ని అవునంటారని ఆయనకి తెలుసు. అందుకే గడ్డం పైకెత్తి పట్టుకుని కూర్చున్నాడు. కుట్ల మచ్చలు లాగుతున్నట్టున్నాయి, కణతల దగ్గర నరాలు ఉబ్బాయి. కళ్లు మాత్రం ఫోను వైపు కాక వంటింటి వైపే ఉన్నాయి.

అంతలో వెనకనుంచి టాబ్లెట్ కూత పెట్టింది.

కంపైల్ ఆగిపోయింది. ఆవిడ దగ్గరికి వెళ్లి చూసింది. ఒక్కొక్క ఫైలే నమిలి మింగుకుంటూ చివరి ఫైలుదాకా వచ్చి, అక్కడ మొరాయించింది. ఎర్రటి వరసలో కనబడిన తప్పు ఒక్కటే. మూసే మీసం లేదు.

ఆవిడ ముందు తననే తిట్టుకుంది. తర్వాత ఆ వరస చదివి నివ్వెరపోయింది. అది ఆవిడ రాసింది కాదు. అన్ని బటన్ల కిందా కొత్తగా ఒక బటన్ ఉంది. దాని పేరు "నాలుగు గంటల బస్సు". కింద తెరిచే మీసం, ఆ కింద పలకాల్సిన ముక్కల అంకెలు వరసగా. ఆవిడ మాటల ముక్కల్ని అంకెలతోనే దాస్తుంది. ఏ అంకె ఏ మాటో గుర్తుచేసుకునే తీరిక ఆ క్షణంలో లేదు. అంకెల మధ్య దూరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఒకచోట కామా బదులు చుక్క పెట్టి మళ్లీ దిద్దినట్టుంది. వేలు వణికే మనిషి రాసిన రాత అది. ఇవాళ మధ్యాహ్నం తను పడుకున్నప్పుడు, చప్పుడు చేయడానికి గొంతు కూడా లేని ఆ మనిషి ఇక్కడ కూర్చుని, మూడో పేజీలో మీసాన్ని వెతుక్కుంటూ రాశాడు. ఆవిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాలుగింటి సంగతి ఆయనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పనక్కర్లేదు. గొంతు పోయినవాళ్ల ముందు జనం చెవులు కూడా పోయినట్టే మాట్లాడుకుంటారు. నిన్న వంటింటి గుమ్మంలో మాట్లాడుకున్నప్పుడు ఆయన కుర్చీ అవతలి గోడ పక్కనే ఉంది.

"అయిందా అమ్మా?" అంటూ బావగారు వంటింట్లోకి వచ్చాడు. ఎర్ర వరస ఆయనకీ కనబడింది. ఏమైందని అడిగాడు. ఆగిపోయిందని చెప్పింది. మళ్లీ పెట్టమన్నాడు. ఆవిడ కదల్లేదు. ఆయన గొంతు తగ్గించాడు.

"పది నిమిషాల పనమ్మా. ఆవిడ వెళ్లిపోతుంది."

"ఆయన ఒప్పుకోవట్లేదు బావగారూ. మెడ ఎలా పట్టుకుని కూర్చున్నారో చూశారుగా."

బావగారు గట్టుకి ఆనుకున్నాడు. దగ్గర్నుంచి చూస్తే ఆయనా బాగా నలిగిపోయి ఉన్నాడు. చొక్కా కాలరు మీద చెమట చారలు ఎండిపోయాయి. చాలాసేపు ఏదో చెప్పుకొచ్చాడు. ఈ ఒప్పందం కుదురుస్తానని ఆఫీసులో మాటిచ్చేశాడు, ఇప్పుడు కాదంటే అక్కడ ముఖం చెల్లదు. అదొక్కటే కాదు, నాన్న ఇలా ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంటే వినలేకపోతున్నాడు. పక్కింటివాళ్లు నవ్వుతున్నారు. కంపెనీ వాళ్లు చేస్తే గొంతు నున్నగా, ఒక్క అతుకు కూడా కనబడకుండా ఉంటుంది. ఏ మాట కావాలంటే ఆ మాట పలుకుతుంది. చివరికి ఇంకొకటి కూడా అన్నాడు. ఈ పని సజావుగా అయితే నీకో మంచి లాప్‌టాప్ నేను చూస్తాను, మళ్లీ ఉద్యోగంలో చేరు, నువ్వు మాత్రం ఎన్నాళ్లని ఇలా ఉప్పు డబ్బాల మధ్య పడి ఉంటావు అన్నాడు.

అబద్ధమెందుకు, ఆవిడకి ఆశ పుట్టింది. వేళ్లకి తగిలే నిజమైన కీలు, మీసం కోసం వెతుక్కోనక్కర్లేని కీబోర్డు, చిటికెలో అయిపోయే కంపైల్, పొద్దున్నే తయారై ఎక్కడికో వెళ్లడం. ఈ ఏడాదిగా ఎవరూ ఆవిడ గురించి ఇంత ఆలోచించలేదు. ఆలోచించిన మనిషి ఇలాంటప్పుడు ఆలోచించాడే అని ఏడుపొచ్చింది.

"ఏ మాటైనా అంటే," అందావిడ, "ఆయన అనని మాట కూడానా?"

బావగారు కాలరు సర్దుకున్నాడు.

"నేను చేసిన గొంతు ముక్కలుగానే ఉంటుంది బావగారూ, ఒప్పుకుంటాను. కానీ అందులో ఆయన నోటితో అనని ముక్క ఒక్కటి కూడా లేదు. నన్ను అరగంట ఆయన నోరు మూసి పెట్టమన్నారు, ఓపిక లేక పెట్టాను. రెండోసారి పెట్టలేను."

అంత పొడుగు మాట ఆవిడ బావగారితో ఎన్నడూ మాట్లాడలేదు. టాబ్లెట్ తీసుకుని ఆయన పక్కనుంచే నడిచింది. ఆయన దారి ఇచ్చాడు. ఇష్టపడి ఇచ్చాడో, తోచక ఇచ్చాడో చెప్పడం కష్టం.

కంపైల్ పూర్తికాకపోతే పాత ప్రోగ్రాం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆవిడ దాన్ని తెరిచి మామగారి ముందు పెట్టింది. పెడుతూ ఆయన ముఖంలోకి చూసింది. మూసే మీసం మర్చిపోయారా మామయ్యా అని చిన్నగా అడిగింది. ఆయన కుడిచెయ్యి పైకెత్తి బొటనవేలూ చూపుడువేలూ విప్పి చూపించాడు. అలాగే పట్టుకున్నాడు. ముడవలేదు. ఆయన ఏదీ మర్చిపోలేదని, కంపైల్ ఆగాలనే మూయకుండా వదిలేశాడని ఆవిడకి అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత ఆయన నింపాదిగా, ఒక్కొక్క బటనే వెతుక్కుంటూ నొక్కాడు. కంపెనీ ఆవిడ మర్యాదగా ఫోను పట్టుకునే ఉంది. ధ్వని తగ్గించే మార్పు ఇంకా కంపైల్ కాలేదు కదా, మాటలన్నీ బస్టాండు మైకు హోరుతోనే వచ్చాయి. గదంతా మారుమోగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నాలుగు గంటలకు బయలుదేరవలసిన బస్సు. రద్దు చేయబడినది. దయచేసి గమనించగలరు."

చిన్నప్పుడు ఆ బస్టాండులో ఎన్నిసార్లు నిలబడిందో, కంపెనీ ఆవిడ ఫోను దించేసి కళ్లు పెద్దవి చేసుకుని చూస్తుండిపోయింది. ఆ గొంతు మీరేనా సర్ అంది. ఆయన గర్వంగానే కళ్లార్పాడు. ఆనక ఆవిడకి ఏ సందేహం ఉండకూడదని ఇంటి మాటల్లోంచి ఇంకో బటన్ నొక్కాడు. ఆపరేషన్‌కి ముందు రోజు చెప్పిన మాట, నీరసంగా, గుసగుసలా వచ్చింది.

"వద్దు."

బావగారు గుమ్మంలోనే నిలబడి విన్నాడు. తండ్రి ఆయన్ని తిట్టలేదు, కనీసం చూడనైనా లేదు. బహుశా అందుకే ఆయన తల వంచుకున్నాడు. పత్రం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. చిన్నకోడలు పక్కనున్న కుర్చీలో కూలబడింది. అయిపోయింది, ఇక ఇవాళ్టికి ఎవరూ ఏమీ అడగరు అనుకుంది.

కంపెనీ ఆవిడ మాత్రం లేవలేదు. సంచీలోంచి ఇంకో ఫోను తీసి, ఏదో వెతుకుతోంది. ముఖంలో నవ్వు పోయింది.

"మరి నిన్న మాకు వచ్చింది ఏమిటి సర్?" అంది. ఈయన సమ్మతి నిన్ననే అందిందని, ఇవాళ తను వచ్చింది మనిషిని ఒకసారి కళ్లారా చూసి నిర్ధారించుకోవడానికేనని చెప్పింది. అందరికీ వినబడేలా ఫోను బల్ల మధ్యలో పెట్టి నొక్కింది.

మామగారి గొంతు వచ్చింది. బస్టాండు హోరు లేదు, ఆపరేషన్ ముందటి నీరసం లేదు. నున్నగా, తేటగా, ఒక్క అతుకు కూడా లేకుండా, ఆరోగ్యంగా ఉన్న మనిషి భోంచేసి పడక్కుర్చీలో కూర్చుని చెప్పినట్టుంది.

"నా గొంతు వాడుకోవడానికి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను."

చిన్నకోడలికి ఆ ముక్కలన్నీ కంఠతా వచ్చు. తన చేతులతో కోసి, తన చేతులతో అంకెలు వేసిన ముక్కలు. వాటిలో మనస్ఫూర్తిగా అన్న మాట లేదు. ఒప్పుకుంటున్నాను అన్న మాట లేదు. ఆ మాటలు మామగారు ఏ మైకు ముందూ ఎన్నడూ అనలేదు. ఎవరో ఆయన ముక్కల్ని తీసుకెళ్లి ఏదో మెషీన్‌కి నేర్పి, దానిచేత ఆయన అనని మాట అనిపించారు.

ఆవిడ బావగారి వైపు చూసింది. ఆయన ముఖం తెల్లగా పాలిపోయింది.

"ఇది నేను పంపలేదు," అన్నాడాయన. "నాకు ఈ సంగతే తెలియదు. తెలిస్తే ఇవాళ ఈ తలూపే గొడవంతా ఎందుకు పెట్టుకుంటాను?"

అది నిజమేనని ఆవిడకి వెంటనే తట్టింది. కంపెనీ ఆవిడ ఇబ్బందిగా చూస్తూ, పంపింది ఇంట్లోవాళ్లేనని మావాళ్లు చెప్పారండీ అంది. చిన్నకోడలు మనసులో లెక్కేసుకుంది. బస్టాండు వాళ్ల దగ్గరున్నవి బస్సుల మాటలే. మందు, నొప్పి, చాలు, ఆ నీరసపు మాటలన్నీ కలిస్తేగానీ ఇంత దగ్గరగా, మనిషి పక్కనే ఉన్నట్టు రాదు. అవి ఈ టాబ్లెట్ దాటి బయటికి వెళ్లింది ఒకే ఒక్కసారి. తెర నల్లబడిన మర్నాడు. తన చేతులతో తనే భర్త ఫోన్లోకి పంపింది. పొద్దున బూట్ల తాళ్లు కట్టుకున్నాక కూడా ఎత్తని ముఖం ఆవిడకి గుర్తొచ్చింది.

వీధి తలుపు తాళం తిరిగింది. షిఫ్టు దిగి వచ్చిన భర్త గడపలోనే ఆగి బూట్లు విడుస్తున్న చప్పుడు వినబడింది. మామగారి వేలు టాబ్లెట్ మీదికి వెళ్లి, ఏ బటన్ మీదా ఆనకుండా కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత ఆయన టాబ్లెట్‌ని నెమ్మదిగా బోర్లా తిప్పి బల్ల మీద పెట్టేశాడు. అప్పటిదాకా ఎత్తి పట్టుకున్న గడ్డం గుండెల మీదికి వాలిపోయింది.

చిన్నకొడుకు లోపలికి వచ్చాడు. కంపెనీ ఆవిడని చూశాడు, అన్నయ్యని చూశాడు, బల్ల మీద వెలుగుతున్న ఫోన్ని చూశాడు. భార్యని మాత్రం చూడలేదు.

"వినిపించేశారా?" అని అడిగాడు.